అబ్బా

తెల్లారి మూడున్నరకి
బస్సెక్కేముందు వేలు పెట్టాలి.
గేటు దగ్గర ఆ చిన్న యంత్రం
నా బొటనవేలిని ఒక పట్టాన నమ్మదు.
పదకొండేళ్లు ఇనుప చువ్వలు కట్టీ కట్టీ
గీతలరిగిపోయిన వేలు.
తుడిచి పెట్టు, తడిచేసి పెట్టు, గట్టిగా నొక్కు.
ఎర్రదీపం, ఎర్రదీపం,
ఆఖరికి పచ్చదీపం.
హమ్మయ్య, ఈ రోజుకి నేనున్నాను.

దేవుడి దగ్గరా అలాగే వేలు పెట్టేవాణ్ణి.
పైబంకు మీద మోకాళ్లూని,
సీలింగు తగలకుండా తల వంచి
(వినయం కాదది, జాగా లేక)
పూటకో కీర్తన,
నెలకి నూట ఇరవై రియాళ్లు దశమభాగం.
వీసా వస్తే మోరి గుడికి
ఇనుపగేటు చేయిస్తానన్న మొక్కుబడిలో
ఇంకా ఒక రెక్క బాకీ.
ఒక్క పూట ప్రార్థన తప్పితే
ఆ రోజంతా నెత్తిమీద క్రేను కొక్కెం ఊగేది.
చువ్వ గుచ్చుకున్నా, ఇంటినించి ఫోను రాకపోయినా
పైనించి కోత పడిందనుకునేవాణ్ణి.

దోహా సనయ్యలో మాకు శుక్రవారమే ఆదివారం.
వారమంతా సామాన్ల కొట్లో బోల్టులు లెక్కపెట్టే షడ్రకన్న
ఆ రోజు మనుషుల్ని లెక్కపెడతాడు.
లోబడండి, అంటాడు.
లోబడటం మాకు కొత్తా?
ఫోర్మనుకి, క్యాంపు బాసుకి,
పాస్‌పోర్టు దాచిన బీరువాకి,
నలభై ఎనిమిది డిగ్రీల ఎండకి.
ఇంకో యజమాని ఎక్కువైతే ఏం పోయింది
అనుకుని ఆమెన్ అనేవాణ్ణి.

జూలైలో గంగనర్సు పడిపోయాడు.
కోరుట్ల మనిషి, నా కింది బంకు.
తలగడ పక్కన అంజన్న పటం,
నా బైబిలుకి జానెడు దూరం.
ఎండదెబ్బ. ఆస్పత్రివాళ్లు సాయంత్రానికి పంపేశారు,
రాత్రికి మళ్లీ కాగిపోయాడు.
"ఏంగాదు తియ్, నువ్వు పండుకో,
పొద్దుగాల డ్యూటీ" అన్నాడు.
అంటూనే నా మీద కక్కాడు.

దుప్పటి ఉతికాను. పక్క మార్చాను.
బకెట్లో ఐసు వేసి
ఒళ్లు తుడిచాను, మళ్లీ తుడిచాను.
ఒక్క వాక్యమూ గుర్తురాలేదు.
వీడికి చేస్తే ఆయనకి చేసినట్టేనన్నది కూడా.
అతని మెడ వేడి, నా అరచేయి, అంతే.
"ఉప్పుకాగితం లెక్క ఉన్నది నీ చెయ్యి"
అని కళ్లు మూసుకునే నవ్వాడు.

మూడున్నరకి బస్సు హారను.
ఎవరూ ఉండమనలేదు, ఎవరూ పొమ్మనలేదు.
ఒకరోజు మానితే రెండ్రోజుల కూలి కోత.
తెలుసు. తడిగుడ్డ పిండుతూ ఉండిపోయాను.
బస్సు శబ్దం మలుపు తిరిగాక తట్టింది,
రాత్రి ప్రార్థన చెయ్యలేదని.

భయం వస్తుందని
వాకిట్లో నీళ్లడబ్బా బోర్లించి కూర్చున్నాను,
బాకీవాడి కోసం కూర్చున్నట్టు.
రాలేదు.

ఎదురు బకాలా ముందు రొట్టెల బండి ఆగింది.
యెమనీ దుకాణదారు ట్రే దించుతుంటే
ఆరేళ్ల కొడుకు పరుగెత్తుకొచ్చి ఒక కొస పట్టుకున్నాడు.
బరువంతా తండ్రి చేతుల్లోనే ఉంది.
పిల్లాడు మోసిందేమీ లేదు,
అడుగులు తడబడి అడ్డమే వచ్చాడు.
అయినా "యాబా, యాబా" అంటూ
ఎంత దర్జాగా నడిచాడో!
వాణ్ణెవరు పురమాయించారు?
ఏ యంత్రంలో వేలు పెట్టి వచ్చాడు?

లేవబోతే మోకాలు పట్టేసి
"అబ్బా" అన్నాను.
నొప్పికి అందరం అనే మాటే.
ఆ రాత్రి తోటలో చెమటోడుస్తూ
ఆయన నోట వచ్చిందీ ఇదే కదా.
అక్కడే నిలబడి
అదే మాట ఇంకోసారి, మెల్లిగా.
ఈసారి పిలిచాను.

మారిపోయానని చెప్పను.
కొన్ని రాత్రులు ఇప్పటికీ
లెక్కల పుస్తకమే తెరుస్తాను.
యంత్రం ఇప్పటికీ ఎర్రగానే చూస్తుంది.
కానీ ఆ గేటు రెండో రెక్క
ఈసారి సెలవుల్లో చేయిస్తున్నాను.
బాకీకి కాదు.
ప్రార్థన అయ్యేదాకా ఆగలేని మోరి పిల్లలు
చెరోదాని మీదెక్కి ఊగుతారని,
అడుగున అడ్డకమ్మీ
కాస్త లావుపాటిది వెయ్యమన్నాను.